కంచం అంచున కొత్తిమీర

పక్కవాళ్ల కంచంలోకి తొంగిచూడటం మంచి అలవాటు కాదని మా అమ్మ చిన్నప్పుడే నెత్తిన మొట్టి చెప్పింది. ఆ మొట్టికాయ నా మీద ఏమాత్రం పనిచేయలేదు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరు ఎందుకు తినలేదో, తిన్నవాళ్లు మళ్లీ ఎందుకు వడ్డించుకోలేదో తెలియకపోతే నాకు ఆ రోజు పనిమీద మనసు నిలవదు. అలాంటి నాకు పోయినేడు ధనియాల కాలంలో సొంత ఇంట్లోనే, సొంత కోడలి కంచంలోనే ఒక చిక్కుముడి దొరికింది.

కోడలి పేరు ఆరాధన. కడప పిల్ల. వాళ్ల నాన్న అక్కడ హైస్కూల్లో టీచరు. మా ఏసుకుమార్ డోన్‌లో లారీల ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున బస్సుకు పోతే చీకటిపడే వేళకు ఇల్లు చేరతాడు. మాది కోడుమూరు దగ్గర పల్లె. పెళ్లి ఎండాకాలంలో అయింది. ఆ తర్వాత పుట్టింటికీ మా ఇంటికీ తిరిగి తిరిగి, కోడలు ఇక్కడ కుదురుకునేసరికి మేము ధనియాలు విత్తే రోజులు వచ్చాయి.

మాకున్న కాస్త నల్లరేగడి చేనులో ఆ కాలానికి ధనియాలే వేస్తాం. నీళ్లు కట్టేది లేదు. వెనకవానలకు నేలలో దిగిన తేమతోనే పంట. గింజను ఉన్నదున్నట్టు విత్తరు, రెండు బద్దలు చేయాలి. ఒక్కో బద్ద ఒక్కో మొక్కవుతుంది. బండ మీద పోసి చెక్కతో రుద్దుతుంటే, చెయ్యి బరువైతే నలిగి పిండవుతుంది, తేలికైతే గింజ చెక్కుచెదరదు. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ నాదే. ఆ ఏడు కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. చూస్తుండగానే పట్టుకుంది. బద్దలు దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, "ఎంత బాగుందత్తా!" అంది. టౌను పిల్లయినా మట్టి తెలిసిన మనిషేనని ఆ పూటంతా మురిసిపోయాను.

మొక్కలు నాలుగు వేళ్ల ఎత్తు లేచాక, ఒత్తుగా ఉన్నచోట పీకి పలచన చేస్తాం. పీకిన లేత కొత్తిమీర కొంత కోడుమూరు సంతకు పోతుంది. మిగిలింది మా ఇంటికే. ఆ రోజుల్లో మా పప్పులో అదే, చారులో అదే, రొట్టెలోకి పచ్చడీ అదే. నా చేతి కొత్తిమీర పచ్చడి కోసం పక్కచేను భీమక్క జొన్నరొట్టెలు కొంగున మూటగట్టుకుని గట్టు దాటి వచ్చేది. పచ్చిమిరపకాయలు వేయించి, వేరుశనగ పప్పులు, చింతపండు, ఉప్పు, పైన పిడికెడు పిడికెడు కొత్తిమీర. రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. అది తిని బాగాలేదన్నవాళ్లు అప్పటిదాకా పుట్టలేదు.

ముందుగా చారు దగ్గర పట్టుకున్నాను. కోడలు అన్నంలో చారు పోసుకుని, ఆకులను వేలికొనతో ఒక్కొక్కటే తీసి కంచం అంచున వరసగా పెడుతోంది.

"ఏమ్మా, పురుగేమన్నా కనపడిందా?" అన్నాను.

"లేదత్తా."

"మరేమి?"

"ఊరికే."

ఊరికే అనే మాట వింటే నాకు ఒళ్లు మంట. ఈ లోకంలో ఊరికే జరిగేది ఒక్కటీ లేదు.

మరునాడు భీమక్కను అడిగాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "కడుపయ్యింటాది మే! నేను పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు ఎర్రగడ్డ తిరగమాత వాసనకు ఇల్లొదిలి పారిపోతాంటి," అంది. నా గుండె గంతులేసింది. ఆ వారమంతా కోడలికి బిందె ఎత్తే పని కూడా చెప్పలేదు. వారం తిరిగేసరికి అదేమీ కాదని తేలిపోయింది. నా సందేహం మాత్రం రెండింతలైంది.

అక్కడి నుంచి ఒకటొకటే పరీక్ష చేసి చూశాను. ఆకు కనపడకుండా మెత్తగా రుబ్బి వేరుశనగ పచ్చడిలో కలిపాను. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చెంబు కోసం చెయ్యి చాచింది. ఆదివారం పొట్టేలు కూరలో కాడలు మాత్రం సన్నగా తరిగి వేశాను. ఆ రోజు పెరుగన్నంతో సరిపెట్టుకుంది. ఎండు ధనియాలు వేయించి పొడిచేసి ఆకు లేకుండా చారు కాచాను. రెండు గరిటెలు పోసుకుని, మళ్లీ పోసుకుంది! ఒకే చేనులో, ఒకే చెట్టుకు వచ్చినవే రెండూ. గింజ ముద్దు, ఆకు చేదా? సీసాలో ఉండటం చూసి పొడి అంగడిలో కొన్నదనుకుంటోందేమో అనిపించింది. అలా అనిపించాక ఇంకో ఆలోచన దాని వెనకే వచ్చింది. అది మంచి ఆలోచన కాదు.

ఒక సాయంత్రం కొత్తిమీర కట్ట విడదీసి ఆకు గిల్లమని ఆమె ముందు పెట్టాను. ఆమె చున్నీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గిల్లింది. పని కాగానే తొట్టి దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. నేను పొయ్యి దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను.

నా చిన్నప్పుడు ఒక ఆసామి ఇంటికి కొత్తిమీర కట్టలు మోసేదాన్ని. ఆ ఇంటామె వాటిని గడప బయటే పెట్టించి, పైనుంచి చెంబెడు నీళ్లు కుమ్మరించి, అప్పుడు ముట్టుకునేది. కొత్తిమీర కడుక్కోవడం తప్పేమీ కాదు. కానీ ఆమె కడుక్కున్నది నా చేతి అంటును అని నాకు ఆ వయసులోనే అర్థమైంది. ఇన్నేళ్ల తర్వాత, నా ఇంట్లో, నా తొట్టి దగ్గర కోడలు చేతులు కడుక్కుంటుంటే నాకు ఆమే గుర్తుకొచ్చింది. మేమూ కోడలి పుట్టింటివాళ్లూ ఒకటే. చర్చిలో ఒకే బల్ల దగ్గర రొట్టె విరుచుకునే మనుషులం. అయినా టీచరుగారి కూతురు కదా, పల్లె చెయ్యి పడలేదేమో అనుకున్నాను.

మా ఆయన దావీదురాజు చేను నుంచి రాగానే అందుకున్నాను. "నీ కోడలు నా చేతి కూడు తినల్యా."

"తింటాంది గదా," అన్నాడు.

"ఏరి అవతల పెడతాంది."

"ఆకే గదా మే."

"ఆ ఆకు ఏసింది నేనే గదప్పా!"

ఆయన ఎద్దుల దగ్గరికి పోయాడు. ఆయనతో జగడం పెట్టుకోవడం గోడతో పెట్టుకోవడమే. గోడైనా నయం, పెచ్చులు రాలుస్తుంది.

నాకు పంతం పట్టింది. గుప్పెడు వేసేచోట రెండు గుప్పెళ్లు వేశాను. చారు పచ్చగా తేలేది. కోడలు మజ్జిగన్నం తిని లేచేది. సంక్రాంతి నెల వచ్చేసరికి దవడలు లోపలికి పోయాయి. ఆదివారం ఏసుకుమార్ నా పక్కన వచ్చి కూర్చుని, గోళ్లు చూసుకుంటూ చెప్పాడు.

"అమ్మా, డోన్‌లో స్టేషన్ దగ్గర ఒక ఇల్లు చూసినా. ధనియాలు ఇంటికొచ్చినాంక పోతాము. దినామూ బస్సులో తిరగల్యాక సస్తాండా."

"ఇన్నాళ్లూ తిరిగినావు గదరా."

"ఇన్నాళ్లూ ఒక్కన్నే గదమ్మా."

వాడు బస్సు మీద పెట్టి చెబుతున్నది దేని గురించో నాకు తెలుసు, నాకు తెలుసునని వాడికీ తెలుసు. ఒక్కగానొక్క కొడుకు. పోయేది ఎంతో దూరం కాదు. కానీ అత్తాకోడళ్లకు పడక ఇల్లు విడిపోయిందనే మాట ఆ కొద్దిపాటి దూరాన్ని ఎంత చేస్తుందో నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ పొద్దు అన్నం సహించలేదు నాకు. పైకి మాత్రం, "పోండి, నాకేమి," అన్నాను.

ఆ నెలలోనే మా గుడిలో కోత పండుగ. ఎవరి చేనులో మొదట వచ్చింది వాళ్లు తెస్తారు. జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు బలిపీఠం ముందు పేర్చి, ప్రార్థన కాగానే వేలం వేస్తారు. ఆ తర్వాత అందరికీ ప్రేమవిందు. పచ్చడి నూరడం ఎప్పుడూ నా వంతే. ఆ ఏడు నాలుగు పెద్ద గిన్నెలు నూరాను. చేతులు మండిపోయినా ఇంకొకరిని రోకలి పట్టనివ్వలేదు.

పంక్తిలో కోడలి పక్కన పాస్టరమ్మ కూర్చుంది. "పచ్చడి ఏసుకోల్యా, ఏమ్మా? మీ అత్త చెయ్యి పడిందంటే అమృతమే," అని తనే ఇంత తీసి కోడలి విస్తట్లో వేసింది. కోడలు తల ఎత్తి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఆమె ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, నమలకుండానే మింగింది. ఇంకో ముద్ద కూడా మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత లేచి గుడి వెనక్కి పరుగెత్తింది. వాంతి చేసుకున్న చప్పుడు పంక్తి మొత్తానికి వినపడింది.

నేను గరిటె పట్టుకునే వెనక్కి పోయాను. "నా చేయి అంత విషమా?" అన్నాను.

ఆమె నోరు కడుక్కుని గోడకు ఆనుకుంది. "అత్తా, చెప్తే మీరు నవ్వుతారని ఇన్నాళ్లు చెప్పలేదు. పచ్చి కొత్తిమీర నాకు సబ్బు మాదిరి ఉంటుంది. చిన్నప్పటి నుంచి అంతే."

"సబ్బా?"

"సబ్బే."

"దేవుడు పండించిన ఆకులో సబ్బు యాడుంటాదే? నా చెయ్యి నచ్చలేదని చెప్పేదానికి ఇంత కత కావల్నా?"

ఏసుకుమార్ ఆ పొద్దు డోన్‌లో డ్యూటీలోనే ఉన్నాడు. పండుగ నుంచి ఇంటికి ముగ్గురం మూడు బారల దూరంలో నడిచి వచ్చాం. మా ఆయన అందరికన్నా వెనక.

ధనియాలు పసుపు తిరగగానే పీకుడు మొదలైంది. మంచు ఆరకముందే పీకాలి, లేకపోతే గింజ రాలిపోతుంది. కట్టలు కట్టి, నీడన ఆరబెట్టి, తర్వాత కళ్లంలో కొట్టాం. డోన్ ఇంటికి సామాను మోయడానికి మా ఊరి బొజ్జన్న ఆటో చెప్పిపెట్టారు. వచ్చే ఆదివారం ప్రయాణం. అది దగ్గరపడుతున్నకొద్దీ కోడలు నాతో మర్యాదగా మాట్లాడటం ఎక్కువ చేసింది. ఆ మర్యాద చూస్తే నాకు ఏడుపొచ్చేది.

గురువారం కళ్లంలో మేము ముగ్గురమే ఉన్నాం. నేను చాటతో గాలికి పోస్తున్నాను. మా ఆయన సంచుల మూతులు కుడుతున్నాడు. కోడలు చెదిరిన గింజలు చీపురుతో దగ్గరికి ఊడుస్తోంది. ఊడుస్తూ ఊడుస్తూ గుప్పెడు ధనియాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ముఖం విప్పారింది. నటన అయితే నేను పట్టేస్తాను. అది నటన కాదు.

నాకు కోపం పెద్దదే. కానీ తెలుసుకోవాలనే రోగం దానికన్నా పెద్దది. చాట దించాను.

"ఏ సబ్బు?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. "ఏందత్తా?"

"సబ్బు మాదిరి అంటివి గదా. ఏ సబ్బు?"

ఆమె నా ముఖం చూసి, నిజంగానే అడుగుతున్నానని నమ్మి, కాసేపు ఆలోచించింది. "ఒంటికి రుద్దుకునే సబ్బత్తా. నీళ్లు పోసుకునేటప్పుడు నురుగు నోట్లోకి పోతుంది చూడండి, అట్ల."

"ఒంటిసబ్బు కాదు పాపా," అన్నాడు మా ఆయన, దబ్బనంలో దారం ఎక్కిస్తూ. "బట్టలసబ్బు."

కోడలు చీపురు వదిలేసింది.

"మామా, మీకు కూడానా?"

"ఊఁ."

"దాని వెనకే పచ్చపురుగు నలిపిన వాసన కూడా?"

"ఆఁ, అదీ ఉంటాది. పురుగు వాసన మొదట, సబ్బు ఆనక."

"నాకు సబ్బే ముందు!"

బస్సులో ఒకే ఊరివాళ్లు తగిలినట్టు ఇద్దరూ మాటల్లో పడ్డారు. పెళ్లయినప్పటి నుంచి ఆ మామా కోడళ్లు అన్ని మాటలు మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఆ మాటకొస్తే ఆయన నాతో కూడా అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఎండినాక ఎందుకు రాదు మామా ఆ వాసన?"

"అది నాకూ తెలీదు పాపా. కాయ పచ్చగా ఉన్నన్నాళ్లూ సేనులో నిలబడల్యాను. పసుపు తిరిగే దినాల్లో ఒక పొద్దున పోతే మారిపోయింటాది. ముందురోజు దాకా ఉన్నది ఆ పొద్దుటికి ఉండదు. దానికోసమే ప్రతి యేడూ తెల్లారకముందే పోయి సూస్తా. శానా బాగుంటాది ఆ పొద్దు."

చలిలో, మంచులో తెల్లవారకముందే లేచిపోయే మనిషి కాయ ముదిరిందో లేదో చూడటానికి పోతున్నాడనుకునేదాన్ని నేను. చేతిలో చాట ఒరిగి ధనియాలు నా కాళ్ల మీద పడుతున్నా చూసుకోలేదు.

"ఇన్నేండ్లు నా పచ్చడి తింటివి గదప్పా!" అన్నాను.

"తింటి."

"రొట్టె మీద రొట్టె ఏసుకుని తింటివి!"

"రొట్టె లావుగా ఉంటే వాసన తక్కువ తెలుస్తాది."

"ఎందుకు చెప్పల్యా?"

ఆయన సంచి మూతి కుట్టడం పూర్తిచేసి దారం తెంపాడు. "కాపురానికొచ్చిన మొదటి దినం పచ్చడి నూరి ఎట్లుందని అడిగితివి. బాగుండాదంటి. రెండో దినం బాగల్యాదంటే మొదటి దినం అబద్ధమాడినోన్ని అయితా గదా. అట్లట్లే పోయింది."

నాకు మొదట వచ్చింది కోపమే. ఇన్నేళ్లు పక్కన కూర్చుని నన్ను మోసం చేశాడనిపించింది. ఆ తర్వాత గబగబా గుర్తుకు రాసాగాయి, ముద్ద నోట్లో పడగానే గుటుక్కున మింగడం, వెంటనే చెంబు ఎత్తడం. అది ఆయన తిండి తీరనుకున్నాను. పది ఊళ్ల కంచాలు చూసిన దాన్ని, నా పక్కనే ఉన్న కట్టుకున్నవాడి కంచం చూడలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే గుండెల మీది బరువొకటి దిగిపోయినట్టయింది. కట్టుకున్నవాడికే సబ్బు వాసన వస్తుంటే, ఈ పిల్ల నా చెయ్యిని ఏమీ అనలేదన్నమాటే కదా.

"నేను వేరే అనుకుంటినమ్మా," అన్నాను కోడలితో.

"ఏమనుకున్నారత్తా?"

గడప బయట కొత్తిమీర మీద నీళ్లు కుమ్మరించిన ఆమె గురించి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. కోడలు ధనియాల రాశి పక్కనే గొంతు కూర్చుని మొత్తం వింది. విన్నాక చాలాసేపు గింజలు వేళ్లతో కెలికింది.

"అసహ్యమైతే పండుగ దినం మింగుతానా అత్తా?" అంది చివరికి. "రెండు ముద్దలు మింగినా కదా."

అవును. రెండు ముద్దలు. మొదటిది నాకు భయపడి అనుకున్నా, రెండోది ఎందుకు మింగిందో నేను ఆలోచించనే లేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. గాలికి పొట్టు కంట్లో పడిందని చెప్పాను. ఇద్దరూ నమ్మినట్టే ఊరుకున్నారు.

ఆ సాయంత్రం ఆకు వేయకుండా వంట చేశాను. కందిపప్పు, వంకాయ, ధనియాల పొడి వేసిన చారు. పచ్చదనం లేని చారు చూస్తుంటే నాకు బోసి మెడలా అనిపించింది. నా గిన్నెలో మాత్రం పెరట్లోది ఇంత తుంచి వేసుకున్నాను, నేనెందుకు మానుకోవాలి? ఏసుకుమార్ బస్సు దిగి వచ్చి నలుగురం ఒకేసారి కూర్చోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాడు.

"ఏమీ కాల్యా. చేతులు కడుక్కో," అన్నాను.

కోడలు కడుపునిండా తింది. తింటూ తింటూ మొగుడితో, "బొజ్జన్నకు ఫోన్ చేసి చెప్పు," అంది.

"ఏమని?"

"ఆదివారం రావద్దని."

వాడు నా వైపు చూశాడు. నేను పప్పు గిన్నెలోకి చూశాను.

పిల్లలు ఇద్దరూ లేచి బయట అరుగు మీదికి పోయారు. మా ఆయన ఇంకా తింటున్నాడు. నిదానంగా, నములుతూ, చెంబు ముట్టుకోకుండా. చారు ఇంకొంచెం పోయమని గిన్నె చాచాడు. పోశాను. ఇంట్లో ఉన్న మనిషే, ఎవరో కొత్తగా భోజనానికి వచ్చినట్టు చూస్తూ కూర్చోవాలనిపించింది. ఏది ఇష్టంగా తింటాడు ఈయన? ఊరందరి సంగతీ చెప్పగలను గానీ ఆ ఒక్కటీ చెప్పలేను.

"ఏమప్పా," అన్నాను గిన్నెలు సర్దుతూ, నవ్వుతూనే. "ఇంకేమన్నా ఉండాదా, నాకు చెప్పనిది?"

ఏమీ లేదంటాడనుకున్నాను. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. బయట అరుగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"శానా ఉండాయి. ఆ గిన్నెలు ఆడ పెట్టి కూసో," అన్నాడు.

పీట లాక్కుని కూర్చున్నాను.